శిఖరం చూసినా జనాభా తగ్గట్లేదేంటి?

ఈ జోకు మీరూ వినే ఉంటారు. "శ్రీశైల శిఖరం చూసినోళ్ళకి మళ్ళీ జన్మ ఉండదంటారు కదా, మరి లక్షల మంది చూసొస్తుంటే దేశ జనాభా ఎందుకు పెరుగుతోంది బాసూ?" మా ఆఫీసులో ఏడాదికి రెండు సార్లన్నా వినపడుతుందిది. ఒకటి శివరాత్రి ముందు, ఇంకోటి ఎవరో ఒకరు లాంగ్ వీకెండుకి శ్రీశైలం వెళ్ళొచ్చి గ్రూపులో ఫోటోలు పడేసినప్పుడు. చెప్పినవాడు ప్రొడక్షన్‌లో పెద్ద బగ్గు పట్టుకున్నవాడిలా చుట్టూ ఒకసారి చూస్తాడు. జనం నవ్వుతారు. అయిపోయింది, మళ్ళీ ఎవడి టికెట్లు వాడివి.

నాకు ఈ జోకు మీద కోపం భక్తి వల్ల వచ్చింది కాదు. నేనేమంత భక్తుణ్ణి కాదు (ఈ మాట మా అమ్మ దగ్గర అనకండి). నా బాధల్లా, జోకు చెప్పేవాడికి ఆ కొండ గురించి ఒక్క ముక్క తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. ఇక వాడికి సమాధానంగా ఇంకొకడు లేస్తాడు చూడండి, వాడితో అసలు వేగలేం. "మన పూర్వీకులు నంది కొమ్ముల మధ్య దూరాన్ని ఆప్టిక్స్ ప్రకారం పెట్టారు, నువ్వుల నుంచి వచ్చే తరంగాలు కంటి నరాన్ని..." అంటూ వాట్సాప్‌లో వచ్చిన సరుకంతా దింపుతాడు. వీడూ బీటెక్కే. ఇద్దరూ ఒకే కాలేజీ అయినా ఆశ్చర్యం లేదు.

ఇద్దరూ చేసే తప్పు ఒక్కటే. ఆ మాటని ఒక ఫార్ములా అనుకుంటారు. ఒకడు ఫార్ములా తప్పంటాడు, ఇంకొకడు కాదు కరెక్టేనంటాడు. అసలు ఆ మాట ఎవరి కోసం పుట్టింది, ఎక్కడ నిలబడి అన్నారు అని ఇద్దరిలో ఒక్కడూ అడగడు.

తెలీనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. దోర్నాల వైపు నుంచి నల్లమల ఎక్కి వస్తుంటే, శ్రీశైలం ఊరు ఇంకో 8 కిలోమీటర్లు ఉందనగా శిఖరం వస్తుంది. సముద్రమట్టానికి సుమారు 2,830 అడుగులు. మల్లన్న గుడి దానికి చాలా కింద, అడవి మధ్యలో ఉంటుంది. కొండ మీద శిఖరేశ్వరుడు, ఆయనకే వీరశంకరుడని ఇంకో పేరు. దేవస్థానం వాళ్ళు చెప్పే లెక్క ప్రకారం 1398లో రెడ్డిరాజులు ఈ గుడికి మెట్లూ, విభూతిగుండం అనే పుష్కరిణీ కట్టించారు. గుడి దగ్గర నంది. నువ్వులు పోసి, నందిని తిప్పి, కొమ్ముల మధ్య నుంచి దూరంగా మల్లన్న గుడి శిఖరం కనపడుతుందేమో చూడాలి. కనపడితే పునర్జన్మ లేదు. ఇదీ స్పెసిఫికేషన్.

ఇక్కడ మా కడప జిల్లా వాళ్ళ గొప్ప ఒకటి చెప్పుకోవాలి. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు. తూర్పున త్రిపురాంతకం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం, దక్షిణాన మా సిద్ధవటం. పెన్న ఒడ్డునున్న మా పుష్పగిరిని ఉపద్వారం అంటారు. సిద్ధవటం నుంచి శ్రీశైలం ఎంత దూరమనుకుంటున్నారు? కాకి ఎగిరినా నూట యాభై కిలోమీటర్ల పైనే. అంటే ఇంటి గేటు నుంచి గుమ్మం దాకా నూట యాభై కిలోమీటర్లన్నమాట! ఇదేదో పురాణాల అతిశయోక్తి అని కొట్టిపారేయకండి. నడిచేవాళ్ళ మ్యాపు అది. గేటు దాటావు, లోపలికొచ్చావు, ఇక రోజుల తరబడి నడవడమే. ఆ మ్యాపు గీసినవాళ్ళకి దూరం ఒక అడ్డంకి కాదు, క్షేత్రంలో భాగం. ఆ దూరాన్ని చివర్లో ఒకే చూపులో చూపించే చోటు శిఖరం.

13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం అని ఒక భాగమే పెట్టాడు. శివరాత్రికి శ్రీశైలం వెళ్ళే జనం గురించి. ఎన్ని రకాల మొక్కులు, ఎన్ని రకాల నడకలు! దారిలో పాడుకునే పాటల పేర్లు కూడా చెప్పాడు మహానుభావుడు - పర్వత పదాలు, తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు ఇలా. తెలుగు జానపద పాటల చరిత్ర రాయాలనుకునేవాళ్ళు ఈ పుస్తకం దగ్గర ఆగకుండా పోలేరు. రోడ్డు పడక ముందు నడక ఎలా ఉండేదో ఊహించుకోండి. కింద రాళ్ళు, పైన ఎండ, నీళ్ళు అక్కడో గుంట ఇక్కడో గుంట, రాత్రయితే పులి. చెంచులు దారి చూపిస్తే తప్ప బయటపడలేరు. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా ఇంకో పాత దారి ఉంది. శివరాత్రికి స్వాములు, ఉగాదికి కన్నడ భక్తులు ఇప్పటికీ ఆ దారిన నడిచొస్తారు. వాళ్ళ కాళ్ళు ఒకసారి చూడండి, బొబ్బలు కట్టి ఉంటాయి. కర్ర పట్టుకుని కుంటుతూనే పాడుతుంటారు.

అంత నడిచినవాళ్ళలో అందరూ గుడి దాకా చేరేవాళ్ళా? ముసలివాళ్ళుంటారు, జ్వరమొచ్చినవాళ్ళుంటారు, నడవలేక చివర్లో కూలబడేవాళ్ళుంటారు. వాళ్ళకేం చెప్తారు?

దీనికి సమాధానం చెప్పే ముందు అదే శ్రీశైలంలో ఇంకో కట్టడం గురించి చెప్పాలి. మల్లికార్జునుడి గుడి ఆవరణలో వీరశిరోమండపం అని ఒకటుంది. 1377లో అనవేమారెడ్డి కట్టించాడు. పేరులోనే ఉంది చూడండి విషయం. శివుడి కోసం తలలు, నాలుకలు కోసి ఇచ్చే వీరభక్తుల కోసం కట్టిన మండపం అది. నిజంగా. కథ కాదు, శాసనం ఉంది. ఆ కాలంలో ముక్తికి కొందరు కట్టిన రేటు అది, తల! మూడు వందల ఏళ్ళ తర్వాత 1677లో శివాజీ శ్రీశైలం వచ్చినప్పుడు ఆయన కూడా ప్రాణం అర్పించబోతే వెంట ఉన్నవాళ్ళు ఆపారని మరాఠీ బఖర్లలో ఒక కథ ఉంది. అది జరిగిందో లేదో పక్కన పెట్టండి. శ్రీశైలం పేరు చెప్తే అలాంటి కథ అతుక్కునేంత గట్టి వాసన ఆ నేలది.

ఇప్పుడు చూడండి. 1377లో తల ఇచ్చేవాళ్ళకి మండపం. 1398లో, 21 ఏళ్ళకి, "ఊరికే చూడు చాలు" అనే కొండకి మెట్లు. రెండూ రెడ్డిరాజులు కట్టించినవే, రెండిటి మధ్య దూరం 8 కిలోమీటర్లు. ఒక చోట తల ఇస్తే కైలాసం, ఇంకో చోట ఒక చూపు చూస్తే మళ్ళీ పుట్టుక లేదు. ఏ రెండిటికీ పొంతన లేదు కదా? ఉంది. నా మటుకు నాకు ఆ శిఖరం మాట ఒక కనికరం. తల ఇవ్వలేనివాడికి, డబ్బు ఇవ్వలేనివాడికి, చివరి 8 కిలోమీటర్లు నడవలేనివాడికి కూడా తక్కువ కాకుండా ఇచ్చిన మాట. "నువ్వు ఇంత దూరం వచ్చావు, అదిగో కనపడుతోంది, నీది పూర్తయినట్టే" అని. ఇది నా వాదన, ఏ పురాణంలోనూ ఇలా రాసి లేదు. కానీ దీన్ని కాదనేవాళ్ళు ఇంకో ప్రశ్నకి జవాబు చెప్పాలి. గుడి లోపల లింగాన్ని ముట్టుకుని దండం పెట్టుకునే క్షేత్రం శ్రీశైలం. అలాంటి చోట, అన్నిటికంటే పెద్ద ఫలాన్ని గుడి బయట, అదీ 8 కిలోమీటర్ల అవతల ఎందుకు పెట్టారు?

మిగతా క్షేత్రాలతో పోల్చండి. కాశీలో చచ్చిపోతే ముక్తి అంటారు. తిరువారూరులో పుడితే ముక్తి. పుట్టడం మన చేతిలో లేదు, చావడానికి కాశీ దాకా వెళ్ళి కూర్చోవాలి. చిదంబరంలో చూస్తే చాలు గానీ లోపలికెళ్ళి చూడాలి. శ్రీశైలంలో బయట నుంచి చూస్తే చాలు. ఇంకో విషయం, 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా మన గుళ్ళల్లోకి రానివ్వని కులాలు ఎన్ని! కొండెక్కి దూరంగా ఒక మెరుపు చూడ్డానికి ఎవడి అనుమతి కావాలి? ఏ పూజారి ఆపగలడు? ఈ కోణం మన లాజిక్ బాబులకి ఎప్పుడూ తట్టదు. జనాభా లెక్కలు మాత్రం తడతాయి.

మా జేజి చెప్పిన సంగతి ఒకటి ఇక్కడ రాయాలి. ఆమెకి అప్పుడు పదిహేనేళ్ళుంటాయేమో, వాళ్ళ అవ్వతో శివరాత్రికి శ్రీశైలం పోయింది. పులివెందుల పక్క పల్లె నుంచి ఎద్దుల బండి మీద బయల్దేరి, నంద్యాలలో రైలెక్కి, మార్కాపురంలో దిగి, దోర్నాల నుంచి నడక. ఊర్లో వాళ్ళు పదిమంది దాకా. అవ్వకి రెండో రోజుకే కాళ్ళు వాచినాయంట. శిఖరం దగ్గరికొచ్చేసరికి ఇక లేచే పరిస్థితి లేదు. అందరూ కలిసి ఆమెని పట్టుకుని నంది దగ్గర నిలబెట్టారు. "ఏమ్మా, కనపడ్యా?" అంటే కాసేపు చూసి, "ఆ, మెరిసింది. సాలు. నేనీడ్నే కూసుంటా, మీరు పోయి రాండి" అనిందంట. వీళ్ళు పోయి, పాతాళగంగలో మునిగి, దర్శనం చేసుకుని, మర్నాడు వచ్చేదాకా ఆమె ఇంకో ముసలామెతో ఆ మండపంలోనే కూర్చుంది. ఊరికొచ్చినాక, అవ్వ శ్రీశైలం పోలేదు అని ఒక్కరు కూడా అనలేదంట. పోయినోళ్ళ లెక్కలోనే ఆమె కూడా. పొంగలి పెట్టి అన్నదానం చేసినప్పుడు ముందు ఆమెకే దండం పెట్టినారంట. "మేము లోపలికి పొయ్యి సూసినాం, ఆమె బయట్నుంచి సూసింది. ఏం తేడా?" అంటుంది మా జేజి. ఈవిడ మూడో తరగతి కూడా చదవలేదు. మన జోకుల రాయుళ్ళకి ఎమ్మెస్సులున్నాయి.

సరే, ఇంజినీర్లం కాబట్టి కాసేపు ఇంజినీరింగే మాట్లాడుకుందాం. అసలు అంత దూరం నుంచి కనపడుతుందా? రోడ్డు 8 కిలోమీటర్లంటే చూపు గీత అంతకంటే తక్కువ ఉంటుంది, 6 అనుకోండి. ఆరోగ్యంగా ఉన్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని విడదీసి చూడగలదు. 6 కిలోమీటర్ల దగ్గర అది పావు తక్కువ రెండు మీటర్లు. అంటే గోపురం గోపురంలా కనపడొచ్చు గానీ, మీద కలశం ఆకారం పట్టుకోవడం కన్నుకి తలకి మించిన పని. అయితే మెరిసే వస్తువుకి ఈ లెక్క వర్తించదు, నక్షత్రాలు చూడట్లేదూ? ఎండ సరిగ్గా పడితే దాని వెడల్పుతో పని లేకుండా ఒక చుక్కలా తళుక్కుమంటుంది. మా జేజి వాళ్ళ అవ్వ "గోపురం కనపడింది" అనలేదు, "మెరిసింది" అనింది. గమనించారా?

అంటే ఆ చూపు మనిషి కంటి శక్తి సరిగ్గా అంచున ఉంది. కాస్త మంచున్నా పోతుంది, ఒక చెట్టు కొమ్మ ఊగినా పోతుంది. చూశానా, చూశాననుకున్నానా అన్న అనుమానం ఎప్పుడూ మిగులుతుంది. ఇక నంది కొమ్ముల ఆప్టిక్స్ సంగతి. కొమ్ములు చేసే పని ఒక్కటే బాబూ, ఎటు చూడాలో చెప్పడం. అడవంతా ఒకే పచ్చగా ఉన్నప్పుడు "అదిగో ఆ చెట్టు పక్కన, కాదు దాని ఎడమ పక్క చెట్టు" అని ఎంతమందికని వేలు పెట్టి చూపిస్తారు? తుపాకీ మీద గురి చూసుకునే పుల్ల లాంటిది అది. చక్కటి, తెలివైన, మామూలు పరికరం. దానికి తరంగాలు అంటగట్టడం అంటే, చేసినవాడి తెలివిని మెచ్చుకోకపోవడమే.

నేను పోయిన డిసెంబర్లో వెళ్ళినప్పుడు నాకేం కనపడలేదు. అంతా మంచు. నా పక్కన ప్రకాశం జిల్లా వైపు పెద్దావిడ ఒకావిడ కొమ్ముల మధ్య చూసి, చెంపలేసుకుని, "అగపడిందా నాయనా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. "నాకు అగపడింది" అంది. ఆవిడ కళ్ళజోడు నా దానికంటే మందంగా ఉంది. నేను వాదించలేదు.

కొండ మీద నుంచి పుణ్యక్షేత్రాన్ని మొదటిసారి చూడడం అన్నది మనొక్కళ్ళ పిచ్చి కూడా కాదు. 1099లో క్రూసేడ్ సైన్యం జెరూసలేం మీదికి వచ్చినప్పుడు ఊరు మొదట కనపడింది నబీ సామ్విల్ అనే గుట్ట మీద నుంచి. దానికి వాళ్ళు ఆనందగిరి అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. స్పెయిన్‌లో శాంటియాగోకి నడిచిపోయేవాళ్ళకి చర్చి గోపురాలు మొదట కనపడే గుట్ట పేరు మోంటే దో గోజో, అదీ ఆనందగిరే. ఊరికి ఓ 5 కిలోమీటర్లు. రోమ్ దగ్గర మోంటె మారియోకి కూడా పాత రోజుల్లో అదే పేరు. మూడు చోట్లా నడిచొచ్చినవాళ్ళు పెట్టిన పేర్లే. (ఆ క్రూసేడర్లు గుట్ట దిగాక ఊళ్ళో చేసిన పని మాత్రం ఘోరం, అది వేరే కథ.) శాంటియాగో గుట్ట మీద 1993లో యాత్రికుల కోసం బారకాసుల్లాంటి పెద్ద హాస్టలు కట్టారు. ఆనందగిరి పేరుతో హాస్టల్ బ్లాకులు! నా భయం సరిగ్గా ఇదే.

ఎందుకంటే అసలు ప్రమాదం జోకు చెప్పేవాడి దగ్గర లేదు. వాడు నవ్వి ఊరుకుంటాడు. మూడో రకం వాడొకడున్నాడు, వ్యూపాయింట్ బాబు. వాడు శిఖరానికి రెండు స్టార్లు ఇస్తాడు. "వ్యూ క్లియర్‌గా లేదు, చెట్లు అడ్డం, పార్కింగ్ లేదు." వాడి సలహాలు: చెట్లు కొట్టేయండి, వాచ్ టవర్ కట్టండి, బైనాక్యులర్ పెట్టి క్యూఆర్ కోడ్ అతికించండి, డ్రోన్ ఫీడ్ స్క్రీన్ మీద వెయ్యండి. ఇవి నేను కల్పించినవి కావు, మా టీమ్ లంచ్‌లో పావుగంటలో వచ్చిన ఐడియాలు. చివరిదానికి అయితే ఒకాయన ఆర్కిటెక్చర్ కూడా గీశాడు టిష్యూ పేపర్ మీద. స్క్రీన్ మీద చూడాలంటే వైట్‌ఫీల్డ్‌లోనే చూడొచ్చు కదయ్యా, అంత దూరం పోవడం దేనికి?

ఇప్పుడే సగం అలా అయిపోయింది. జీపు ప్యాకేజీలో సాక్షిగణపతి, పాలధార పంచధార, హటకేశ్వరం, శిఖరం వరసగా "పాయింట్లు". డ్రైవరు "పది నిముషాలు సార్" అంటాడు. దర్శనం అయిపోయినాక, తిరుగు ప్రయాణంలో, ఇంకో పాయింటుగా శిఖరం చూస్తే అది ఏం చూసినట్టు? గుడి లోపలికి పోయి వచ్చినవాడికి గుడి దూరం నుంచి కనపడితే ఎంత, కనపడకపోతే ఎంత. సస్పెన్స్ సినిమా క్లైమాక్స్ చూసొచ్చి ఇంటర్వెల్ ముందు భాగం చూసినట్టు. నన్ను తీసుకుపోయిన జీపాయన అయితే నందిని తనే తిప్పేసి, "కనపడిందా, కనపడింది పదండి" అని ప్రశ్నా జవాబూ రెండూ ఆయనే చెప్పేశాడు. డబ్బులు మాత్రం నేనే ఇచ్చాను.

1794లో కాలిన్ మెకంజీ శ్రీశైలం వచ్చాడు. ఆయనా మనలాంటి ఇంజినీరే, కంపెనీ సైన్యంలో. మన ఊళ్ళ కైఫియత్తులు రాయించిన ఆయనే, తర్వాత 1815లో దేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన గుడి ప్రాకారం మీది శిల్పాల గురించీ, గర్భగుడి చీకట్లో ఉన్న లింగాన్ని అద్దంతో ఎండ మళ్ళించి చూపించడం గురించీ రాశాడు. ఒక్క తళుకు, మళ్ళీ చీకటి. ఆయనకి మల్లన్న మీద భక్తి లేదు, మన పురాణాల మీద నమ్మకం లేదు. అయినా పని కట్టుకుని అడవిలో పడి వచ్చి, చూసింది చూసినట్టు రాసి, ఏషియాటిక్ రిసెర్చెస్ ఐదో సంపుటంలో అచ్చేయించాడు. నమ్మకం లేనివాడు ఎలా చూడాలో ఆయన్ని చూసి నేర్చుకోవచ్చు. స్టార్లివ్వలేదు.

ఇక్కడ ఒకరు అడుగుతారని నాకు తెలుసు. "నువ్వు బెంగుళూరు నుంచి కారులో పోయి, మళ్ళీ నడక గొప్ప, దూరం గొప్ప అంటావేంటి? మీ జేజి వాళ్ళ అవ్వకి ఆ రోజు బస్సు ఉండి ఉంటే గుడి దాకా పోయేది కదా?" పోయేది. తప్పకుండా పోయేది, పోవాలి కూడా. రోడ్డు వేసినవాళ్ళకి చేతులెత్తి దండం పెడతా. ఆ రోడ్డు మీదే మా జేజి మూడు సార్లు పోయింది, చివరిసారి మోకాళ్ళు పని చేయని వయసులో. శ్రీశైలం డ్యామును కూడా నేను తిట్టను. పులివెందులవాడు ఎలా తిడతాడు? మాకు శ్రీశైలం అంటే ముందు గుర్తొచ్చేది శిఖరం కాదు, 854 అడుగులు. డ్యాములో నీళ్ళు ఆ మట్టం దాటితే పోతిరెడ్డిపాడు నుంచి నీళ్ళు దండిగా కదులుతాయి. అక్కణ్ణుంచి గండికోట, గండికోట నుంచి ఎత్తిపోస్తే చిత్రావతి రిజర్వాయరు, అప్పుడు మా చీనీ చెట్లు బతుకుతాయి. నిండు మట్టం 885 అని మా ఊర్లో చిన్నపిల్లలు కూడా చెప్తారు. అదే నీళ్ళ కింద ఎన్ని ఊళ్ళు, ఎన్ని గుళ్ళు పోయాయో కూడా తెలుసు. సంగమేశ్వరం ఎండాకాలంలో నీళ్ళు తగ్గితేనే తల బయటపెడుతుంది. ఇవన్నీ తెలిసి, డ్యామూ కావాలి, రోడ్డూ కావాలి అనే అంటున్నా.

నేను వద్దనేది దూరాన్ని పూర్తిగా సున్నా చెయ్యడం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిలో బండ్లు ఆపేస్తారని ఎంత గోల! "శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరితే గేటు దగ్గర ఇరుక్కుపోయాం బ్రో, వీళ్ళకి కామన్ సెన్స్ లేదు." అయ్యా, అది టైగర్ రిజర్వు. పులికి శుక్రవారం తెలీదు. హైదరాబాదు నుంచి వచ్చే రోడ్డుకి అడవి మీదుగా ఎత్తుగా వంతెన దారి వెయ్యాలన్న ప్రతిపాదన ఒకటి నడుస్తోంది. జంతువులకి అది మేలో కీడో తేల్చాల్సింది అడవి తెలిసినవాళ్ళు, వాళ్ళు చెప్పింది వింటాను. కానీ మనవాళ్ళు దానికి చప్పట్లు కొట్టేది జంతువుల కోసం కాదు, రెండు గంటలు మిగులుతాయని. ఆ మిగిలిన రెండు గంటల్లో ఏం చేస్తారు? రిసార్టులో పడుకుని రీల్స్ చూస్తారు. నేను చూశాను కాబట్టే చెప్తున్నా.

శిఖరం దగ్గర చెయ్యాల్సిన పని అంటూ ఏదైనా ఉంటే, ఒక్క చెట్టూ కొట్టకుండా, ఒక్క టవరూ లేపకుండా, నంది దగ్గర "కనపడింది పదండి" అనేవాళ్ళని కాస్త దూరం జరిపి, నడిచొచ్చినవాళ్ళు కూర్చోడానికి నీడా, తాగడానికి నీళ్ళూ చూడటం. 1398లో కట్టినవాళ్ళు చేసింది కూడా దాదాపు అదే కదా, మెట్లు, ఒక గుండం. అంతకుమించి ఆ కొండకి ఏం అక్కర్లేదు.

మీరు వెళ్తుంటే మటుకు దోర్నాల వైపు నుంచి వెళ్ళండి, గుడికి పోకముందే శిఖరం దగ్గర దిగండి. పొద్దున పూట అయితే ఎండ మన వీపు వైపు నుంచి గుడి మీద పడుతుంది, మెరుపు దొరికే అవకాశం ఎక్కువ. దీనికోసం ముందు రోజు రాత్రి మార్కాపురంలో పడుకుని తెల్లారి గేటు తీయగానే బయల్దేరాలి. జీపు మాట్లాడుకుంటే పది నిముషాలు కాదు గంట ఆగాలని ముందే చెప్పండి, అదనంగా ఏమన్నా అడిగితే ఇచ్చెయ్యండి. నువ్వులు అక్కడే అమ్ముతారు.